కయ్యల్లో మెరక తోలకముందే కట్టుబాటు రాయించండి: పెన్నా డెల్టా నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, పట్టణాభివృద్ధి, రెవెన్యూ, జలవనరులు, వ్యవసాయం, రిజిస్ట్రేషన్ శాఖల అధికారులకు, మా శాసనసభ్యులకు నమస్కారాలు.

డెల్టా మాగాణి నడుమ వెంచర్లు వేయడం గురించి మేం ఇచ్చిన అర్జీలకు రసీదులు వచ్చాయిగానీ జవాబులు రాలేదు. ఒక కార్యాలయంలో ఇస్తే ఇంకో కార్యాలయానికి పంపారు. అక్కడికి వెళ్తే తమ పరిధి కాదన్నారు. కాబట్టి ఈసారి అందరికీ కలిపి, జిల్లా ప్రజలు కూడా చదివేలా రాస్తున్నాం.

ముందే ఒక మాట చెప్పాలి. మేం ఇళ్లకు వ్యతిరేకులం కాదు. నెల్లూరు పెరుగుతుంది, కోవూరు పెరుగుతుంది, పెరిగే ఊరికి నేల కావాలి. జిల్లాలో కాలువ ఎక్కని మెట్ట ఉంది, ఇళ్లు అక్కడ వేసుకోవచ్చు. సంగం, నెల్లూరు ఆనకట్టల కింద సుమారు 2.47 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. దానికి నీళ్లివ్వడం కోసం 19వ శతాబ్దంలోనే ఆ ఆనకట్టలు కట్టారు. వాటి స్థానంలో కొత్త బ్యారేజీలు కట్టి 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. ప్రజల డబ్బుతో నీళ్లు తెచ్చిన నేలమీదే గ్రావెల్ తోలుతుంటే చూస్తూ ఉండలేక అడుగుతున్నాం.

రైతుకు అమ్మవద్దని చెప్పి లాభం లేదు. అతని పొలాన్ని ప్లాట్లు చేసుకునే హక్కుకు ధర కట్టి కొనండి. ఇకపై ప్లాట్లు చేయనన్న కట్టుబాటును దస్తావేజు చేసి, ఆ సర్వే నంబరు ఎవరి చేతికి పోయినా వెంట వెళ్లేలా చేయండి. కొన్ని దేశాల్లో ఈ పద్ధతి యాభై ఏళ్లుగా నడుస్తోంది. ఇక్కడ ఎలా చేయవచ్చో కింద రాస్తున్నాం.

ఇప్పుడు జరుగుతున్న నష్టం

1. లెక్కలు రెండు రకాలు. రైతు ఎకరాల్లో, పుట్లలో లెక్కేస్తాడు. వెంచర్ వాళ్లు అంకణాల్లో లెక్కేస్తారు. మన దగ్గర అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి ఎకరం 605 అంకణాలు. రోడ్లు, ఖాళీ స్థలం తీసేస్తే సుమారు 340 అంకణాలు అమ్మకానికి మిగులుతాయి. అదే ఎకరం ఒక కారుకు (పంట కాలానికి) మూడున్నర పుట్లు పండిందనుకుందాం. పుట్టి 850 కిలోలు కనుక 2,975 కిలోల ధాన్యం. నూటికి 67 చొప్పున బియ్యం ఆడితే సుమారు 1,990 కిలోలు. మనిషికి నెలకు 10 కిలోల చొప్పున 16 మందికి ఏడాది తిండి. ఎడగారు (రెండో పంట) కూడా పండితే అది అదనం. రైతు 340 అంకణాల ధరను మూడున్నర పుట్ల ధరతో పోల్చుకున్న రోజున అతన్ని ఎవరూ తప్పు పట్టలేరు. బిడ్డ పెళ్లికో, అప్పు తీర్చడానికో అమ్ముతాడు. ఆ రెండు ధరల మధ్య తేడాను పూడ్చేవాళ్లు లేనంతకాలం ఏ ఆంక్షా నిలవదు.

2. మెరక తోలాక వెనక్కి రాదు. మాగాణిని రోడ్డు మట్టానికి లేపాలంటే మూడడుగులైనా పోయాలి. ఎకరానికి 1,30,680 ఘనపుటడుగులు, అంటే యూనిట్ 100 ఘనపుటడుగుల చొప్పున 1,300 యూనిట్లకు పైన. నాలుగు యూనిట్ల టిప్పర్లయితే దాదాపు 327 ట్రిప్పులు. తరతరాలుగా ఒండ్రు పేరుకుని, దమ్ము చేసి చేసి అడుగున గట్టిపొర ఏర్పడి, నీళ్లు నిలిపే గుణం వచ్చిన నేల ఆ గ్రావెల్ కింద పడిపోతుంది. ప్లాట్లు అమ్ముడుపోకపోయినా అది మళ్లీ కయ్య (వరి మడి) కాదు. సర్కారు తుమ్మ మొలుస్తుంది, ఎలుకలు, పందికొక్కులు చేరతాయి, కంకి పాలుపోసుకునే వేళకు చుట్టుపక్కల చేలమీద పడతాయి.

3. అన్నిటికన్నా పెద్ద నష్టం కాలువకు. దీన్ని దగ్గరికి వెళ్లి చూడాలి. పంట కాలువ వెంచర్‌ను దాటాల్సిన చోట దాన్ని పూడ్చి, రోడ్డు కింద ఒక సిమెంటు గొట్టం వేసి వదిలేస్తారు. మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న కాలువలో నీళ్లు పారే అడ్డుకోత 6 చదరపు అడుగులు. అడుగు గొట్టంలో అది 0.78 మాత్రమే, అంటే సుమారు ఎనిమిదో వంతు. రెండడుగుల గొట్టం వేసినా 3.14, సగానికి కాస్త ఎక్కువ. ఇది గొట్టం కొత్తగా ఉన్నప్పటి మాట. మొదటి వానకే పక్కన పోసిన గ్రావెల్ కొట్టుకొచ్చి సగం పూడుతుంది. కాలువైతే పార వేసి తీయొచ్చు, వంద అడుగుల గొట్టంలోకి పార పోదు. గొట్టం అడుగు మట్టం కాలువ అడుగుకన్నా నాలుగంగుళాలు ఎత్తులో పెట్టారంటే కథ ముగిసినట్టే. పైన కయ్యల్లో నీళ్లు ఎగదన్ని నారు కుళ్లుతుంది, కింద చివరి ఆయకట్టు ఎండుతుంది. ఐదెకరాల వెంచర్ దాని కింద ఉన్న యాభై ఎకరాలను ఇలాగే చంపుతుంది. ఆ యాభై ఎకరాల వాళ్లు రెండు కార్లు నీళ్లందక బీడు పెడితే, మరుసటి ఏడాది ‘సాగులో లేని భూమి’ అని రాసుకుని మళ్లీ లేఅవుట్‌కు అర్జీ పెడతారు.

4. వరద మాట. గెనిమలు (గట్లు) కట్టిన కయ్యలో అర అడుగు వాన నీళ్లు నిలబడతాయి. ఎకరానికి 6 లక్షల లీటర్లు. పదెకరాలు మెరక అయితే 60 లక్షల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 1,200 ట్యాంకర్ల నీళ్లు, ఒకేసారి పక్క చేలమీదకు, పల్లపు వీధుల మీదకు పోతాయి. మన జిల్లాకు వానలు ఈశాన్య రుతుపవనాల్లో, తుపాన్లతో కుండపోతగా పడతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట, జాతీయ రహదారి కోసుకుపోవడం అందరం చూశాం. అది నది వరద. దానికి కారణం వెంచర్లని మేం అనడం లేదు. కానీ అలాంటి రోజున నీటిని ఆపుకునే కయ్యలు, సముద్రానికి తోసే మురుగు కాలువలు ఎంత తగ్గితే, ఊళ్లలో నీళ్లు అన్నాళ్లు ఎక్కువ నిలబడతాయి.

5. కౌలుదారుకు, కూలీకి అమ్మకంలో పైసా రాదు. నాట్లు, కలుపు, కోతల పనులన్నీ ఆ రోజుతోనే పోతాయి. చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతితే మధ్యలో మిగిలిన చేలోకి కోత మిషన్ దిగే దారి ఉండదు. అతనూ అమ్ముకోక తప్పదు.

ఉన్న చట్టాలు ఎందుకు ఆపలేకపోయాయి

2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, సాగునీరు ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని ప్రభుత్వం సైతం వేరే దారి లేనప్పుడు తప్ప తీసుకోకూడదు. అదే భూమిని ప్రైవేటు వ్యక్తి రుసుము కట్టి ప్లాట్లు చేయవచ్చు. వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చుకోవడం గురించిన 2006 నాటి నాలా చట్టం, ఆ భూమిని కాపాడే చట్టంగా పనిచేయలేదు, రుసుము వసూలు చేసే చట్టంగానే పనిచేసింది. ఇప్పుడు అదీ రద్దయింది, అనుమతి దగ్గరే అభివృద్ధి రుసుము కట్టించుకుంటున్నారు. అనుమతి లేకుండా వేసినవాళ్లకు క్రమబద్ధీకరణ పథకాలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి.

గీత గీసి ‘ఇది వ్యవసాయ జోన్’ అంటే సరిపోతుందా? సరిపోదు. రాజధాని ప్రాంత ప్రణాళిక ముసాయిదాలో వ్యవసాయ రక్షణ జోన్లు పెట్టినప్పుడు రైతులే గట్టిగా ఎదురుతిరిగారు. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. పక్కవాడి పొలానికి ధర పెరగనిచ్చి, నా పొలానికి పరిహారం లేకుండా ధర కోసేస్తే నేనెందుకు ఒప్పుకోవాలి? కేరళ 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల రక్షణకు చట్టం చేసింది. పంచాయతీ స్థాయిలో కమిటీ వేసి, ఏ సర్వే నంబరు వరి పొలమో జాబితా రాయించింది. 2020 నుంచి వరి పొలం యజమానికి హెక్టారుకు ఏడాదికి 2,000 రూపాయల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. కాపాడినందుకు డబ్బివ్వాలన్న సూత్రాన్ని ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి. కానీ ఎకరానికి 800 రూపాయలు చూసి వెంచర్ అడ్వాన్సు వెనక్కి ఇచ్చే రైతు మన జిల్లాలో దొరకడు.

కట్టుబాటు దస్తావేజు అంటే ఏమిటి

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సఫోక్ కౌంటీ 1974లో రైతుల నుంచి అభివృద్ధి హక్కును మాత్రమే కొనే పథకం పెట్టింది. మేరీలాండ్ రాష్ట్రం 1977లో ఇందుకోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. పొలం రైతుదే. దున్నుకుంటాడు, కౌలుకిస్తాడు, అమ్ముకుంటాడు, బిడ్డలకు రాసిస్తాడు. ఇళ్ల స్థలాలుగా కోయడం మాత్రం కుదరదు, కొన్నవాడికీ కుదరదు. ధర కట్టే పద్ధతి తేలిక. ఆంక్ష లేకుండా ఎంత పలుకుతుంది, ఆంక్షతో ఎంత పలుకుతుంది, ఆ తేడా ఇస్తారు.

మన చట్టంలో దీనికి చోటుందా అని అడుగుతారు. ఉంది, కానీ సరాసరి కాదు. ‘ఈజ్‌మెంటు హక్కులు సహా’ అన్న మాట ప్రతి విక్రయ దస్తావేజులోనూ చదువుతూనే ఉంటాం. ఈజ్‌మెంటు అంటే ఒక భూమి మేలు కోసం పక్క భూమిమీద ఉండే హక్కు. 1882 ఈజ్‌మెంట్ల చట్టం 4వ సెక్షన్ ప్రకారం దానికి రెండు భూములుండాలి. భారం మోసేది ఒకటి, దానివల్ల లాభపడేది ఒకటి. అమెరికాలోలా ఒక ట్రస్టు భూమి లేకుండా ఈ హక్కును చేతిలో పెట్టుకోవడం ఇక్కడ కుదరదు. అయితే అదే సెక్షన్, పక్క భూమిలో ఫలానా పని జరగకుండా ఆపే హక్కును కూడా ఈజ్‌మెంటుగానే గుర్తిస్తుంది. డెల్టాలో ప్రతి కయ్య పక్కనా లాభపడే భూమి ఒకటి ఉండనే ఉంది. అదే ప్రభుత్వ కాలువ, కాలువ గట్టు, చెరువు. కాలువ సర్వే నంబరు సక్రమంగా పనిచేయడానికి ఈ కయ్యలో మెరక తోలకూడదు, కాలువ పూడ్చకూడదు అని రాసుకోవచ్చు. 6వ సెక్షన్ ప్రకారం శాశ్వతంగానూ రాయవచ్చు, కొన్నేళ్లకూ రాయవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 40వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఆంక్ష, తెలిసి కొన్నవాడిని కూడా కట్టేస్తుంది. రిజిస్టరు అయి ఈసీలో (ఆస్తిమీద ఉన్న లావాదేవీలు చూపే పత్రంలో) కనబడితే తెలియదనే మాటకు తావుండదు.

బలహీనతలు కూడా చెప్పాలి. 38వ సెక్షన్ ప్రకారం లాభపడే భూమి యజమాని ఆ హక్కును వదులుకోవచ్చు. అంటే రేపు ఒక శాఖ ఒక కాగితంతో వదిలేస్తే అంతా పోతుంది. 47వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు వరసగా అనుభవంలో లేకపోతే హక్కే రాలిపోతుంది. విలువ కట్టడంలో మోసమూ జరుగుతుంది. అమెరికాలో విలువలు పెంచి చూపి పన్ను రాయితీలు కొట్టేస్తుంటే 2022లో చట్టం మార్చి కట్టడి చేయాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో టీడీఆర్ (అభివృద్ధి హక్కుల బదిలీ) బాండ్ల మీద జరిగిన విచారణలు అందరికీ తెలిసినవే. అందుకే కింది కోరికల్లో ఈ కంతలు పూడ్చే మాటలు కూడా చేర్చాం.

మా కోరికలు

1. తూము వారీగా పటాలు. ఊరు వారీగా కాకుండా, ఒక్కో తూము కింద ఏయే సర్వే నంబర్లు తడుస్తాయో రాసి, ఎంత సాగులో ఉంది, ఎంత మెరక అయింది, కాలువ వెడల్పు లోతులెంత అన్నది గ్రామ సచివాలయం గోడమీద అంటించండి. లస్కర్లకు (కాలువ కాపలా సిబ్బందికి), నీటి సంఘాల వాళ్లకు ఇది నోటికి వచ్చిన లెక్కే, కాగితం మీదకు ఎక్కించడమే మిగిలింది.

2. మొదట తూము దగ్గరి కయ్యలు. అక్కడొకటి, ఇక్కడొకటి ఎకరాలు కొంటే డబ్బు వృథా. తూము నుంచి చివరి వరకు కనీసం వంద ఎకరాల కట్టను ఒకే ఏడాది తీసుకోండి. రోడ్డు పడక ముందే వెళ్లండి. బైపాస్ మార్కింగ్ రాళ్లు పాతాక ధరల తేడా ఖజానా మోయలేనంత అవుతుంది.

3. ధర. ఉదాహరణకు మాగాణిగా ఎకరం 40 లక్షలు, వెంచర్‌కు 60 లక్షలు పలికితే తేడా 20 లక్షలు. వంద ఎకరాలకు 20 కోట్లు. సగం రిజిస్ట్రేషన్ రోజున ఇచ్చి, మిగతా సగం పది వార్షిక వాయిదాల్లో ఇస్తే మొదటి ఏడాది 10 కోట్లు, ఆపైన ఏటా కోటి. వాయిదాల పద్ధతిలో ఇంకో మేలుంది. ఎవరైనా కట్టుబాటు తప్పితే ఆ ఏడాది డబ్బు ఆపవచ్చు. ధరను ఇద్దరు వేర్వేరు మదింపుదారులు కట్టాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. ఇద్దరి లెక్కకూ మధ్య నూటికి పదికి మించి తేడా వస్తే మూడోవాణ్ని పిలవాలి.

4. డబ్బు ఎక్కడినుంచి? జిల్లాలో వ్యవసాయ భూమి మార్పిడికి, లేఅవుట్లకు, క్రమబద్ధీకరణకు కట్టించుకునే రుసుములో నాలుగో వంతును ఈ జిల్లాలోనే విడి ఖాతాలో వేయండి. పొలం పోయినందుకు వచ్చిన డబ్బు పొలం కాపాడటానికే పోవాలి.

5. దస్తావేజు నమూనా. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేయండి. అందులో ఇవి ఉండాలి: భారం మోసే భూమి, లాభపడే కాలువ భూమి, రెండింటి సర్వే లేదా ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు, కొలతల పటం. నిషిద్ధాలు: ప్లాట్లుగా కోయడం, అడుగుకు మించి మెరక, పైమట్టి అమ్మడం, ఇటుక బట్టీ, పంట కాలువ మూయడం, రొయ్యల చెరువు. ఈ చివరిదాన్ని మరిచిపోకండి. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు వెంచర్‌కన్నా ముందు ఉప్పునీళ్లే వస్తాయి. చుట్టూ ఉప్పు ఊరితే పక్క కయ్య కూడా పోతుంది. అనుమతించేవి: ఏ పంటైనా, ఐదు సెంట్లలో ఇల్లు, పశువుల కొట్టం, కళ్లం, మోటారు షెడ్డు. వారసుల పంపకానికి అడ్డు ఉండకూడదు. కౌలుదారు కార్డుకు అడ్డు రాకూడదు.

6. సంతకాలు. ఇక్కడే ఎక్కువ దస్తావేజులు చెడిపోతాయి. ఉమ్మడి ఆస్తిలో ఒక్కరే సంతకం పెడితే చెల్లదు, ఆడబిడ్డలతో సహా హక్కుదారులందరూ పెట్టాలి. పొలం బ్యాంకులో తాకట్టులో ఉంటే బ్యాంకు రాతపూర్వక సమ్మతి ముందే తీసుకోవాలి. లేకపోతే అప్పు కింద వేలం వేసినప్పుడు, తాకట్టు ముందుది కాబట్టి ఆంక్ష ఎగిరిపోతుంది.

7. నమోదు. ఈసీలోనే కాదు, రెవెన్యూ రికార్డులైన 1బీలోనూ అడంగల్‌లోనూ ఒక గుర్తు పడాలి. కొనేవాడు మొదట చూసేది అదే. రిజిస్ట్రేషన్లు ఆపే 22ఏ నిషేధిత జాబితాలో మాత్రం పెట్టకండి. పెడితే రైతు మామూలు అమ్మకం, బ్యాంకు అప్పు కూడా ఆగిపోయి, ఈ కట్టుబాటు దగ్గరికి ఇంకెవరూ రారు.

8. మొదటి రోజు కొలతలు, ఏటా తనిఖీ. సంతకం రోజున నేల మట్టం, కాలువ అడ్డుకోత, తూము గొట్టం వ్యాసం, నాలుగు మూలల ఫొటోలు తీసి దస్తావేజుకు జత చేయాలి. ఏటా నాట్లు అయ్యాక నీటి సంఘం, గ్రామ వ్యవసాయ సహాయకుడు కలిసి చూసి సంతకం చేసిన కాగితం ఫైల్లో ఉండాలి. 20 ఏళ్ల గడువు గండం నుంచి కాపాడేది ఆ కాగితాలే.

9. ఒక శాఖ ఒంటరిగా వదులుకోలేని చట్టం. హక్కు వదలాలంటే గ్రామసభ తీర్మానం, జిల్లా కోర్టు అనుమతి రెండూ తప్పనిసరి చేస్తూ రాష్ట్ర చట్టం తేవాలి. లాభపడే భూమి లేకపోయినా పంచాయతీ, నీటి సంఘం ఈ హక్కును పొందేలా అందులోనే రాయాలి. శాసనసభ్యులకు ఇది ప్రత్యేక విన్నపం.

10. ఈలోగా లేఅవుట్ అనుమతులు. ఆయకట్టులో ఏ లేఅవుట్‌కైనా జలవనరుల ఇంజనీరు చేలోకి దిగి కొలిచి, కాలువ అడ్డుకోత ఒక్క అంగుళం తగ్గదని రాసి ఇస్తేనే అనుమతి. గొట్టం వద్దు, పైకప్పు తీయగలిగే పెట్టె కల్వర్టు కట్టించండి. ఇప్పటికే పూడ్చిన చోట్ల వేసినవాళ్ల ఖర్చుతోనే తవ్వించండి.

డెల్టాకు రబీ నీళ్లు వదిలేలోపు ఒక్క తూము కిందనైనా మొదటి కోరిక నెరవేర్చి చూపండి. పటం గీయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. కాలువలు ఎండి ఉన్న నెలల్లో గొట్టాల నోళ్లు బయటపడి కనిపిస్తాయి, టేపు పట్టుకుని కొలవచ్చు. ఏ రోజు వస్తారో చెబితే ఆ తూము కింద రైతులం, కౌలుదారులం పారలతో, పాత దస్తావేజులతో గట్టుమీద ఉంటాం. ఈ లేఖకు 30 రోజుల్లో, ఏ కోరిక ఏ శాఖదో పేరు రాసి, లిఖితపూర్వక జవాబు ఇప్పించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
పెన్నా డెల్టా ఆయకట్టు రైతులు, కౌలుదారులు,
నెల్లూరు జిల్లా